బాయి దీపం, బజారు లైటు

బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో చీకటి రెండు రకాలు. ఒకటి ఇంక్లయిన్ దిగితే భూమి కింద ఉండేది. దానికి పగలూ రాత్రీ తేడా లేదు. రెండోది భూమి మీద, ఓపెన్ కాస్టు గుంతల చుట్టూ, మట్టి డంపుల మీద, హాల్ రోడ్ల పక్కన పొద్దుగూకాక కమ్ముకునేది. మొదటి చీకటి కోసం రెండు వందల ఏళ్లుగా దీపాలు కనిపెట్టారు, చట్టాలు రాశారు. రెండో చీకట్లో పనిచేసే మనిషి మాత్రం చాలాసార్లు తన దీపాన్ని తానే కొనుక్కుంటున్నాడు. ‘టాక్టికల్’, ‘మిలిటరీ’ అని డబ్బా మీద రాసి అమ్మే శక్తిమంతమైన టార్చిలైట్లు అలా వాళ్ల చేతుల్లోకి వచ్చాయి.

ఈ సంవాదంలోని ఇద్దరూ ఖనిలో ఏ కాలనీకి వెళ్లినా ఎదురయ్యే రకం మనుషులే. ఒకరు బావిలో మైనింగ్ సర్దారుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఇంకొకరు ఓపెన్ కాస్టు దగ్గర నైట్ డ్యూటీ చేసే కాంట్రాక్టు సెక్యూరిటీ గార్డు. గార్డు బామ్మర్ది కారుణ్య నియామకం కింద భూగర్భ గనిలో బదిలీ వర్కర్‌గా కొత్తగా చేరాడు. తన దగ్గరున్న టార్చిలాంటిదే అతనికీ కొనిద్దామని గార్డు అనడంతో మాట మొదలైంది. నేనెటు వైపో ముందే చెబుతాను. బావి లోపలి సంగతిలో సర్దారు మాటకు తిరుగులేదు. బావి బయటి సంగతిలో గార్డు వేసిన ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ సరైన జవాబు ఇవ్వలేదు.

గార్డు: కాకా, ఈ లైటు జూడు. అల్యూమినియం బాడీ. నీళ్లల్ల పడ్డా ఏం గాదు, బండ మీద పడ్డా ఏం గాదు. డబ్బా మీద పదివేల ల్యూమెన్లని ఉన్నది. డంపు మీద నిలవడి కొడితే గుంత అవతలి గట్టు మీద మనిషి కనపడుతడు. మా బామ్మర్దికి ఇసొంటిదే కొనిద్దామనుకుంటున్న. బాయిల ఇచ్చే ఆ క్యాప్ ల్యాంపు ఏం లైటు కాకా?

సర్దార్: లైటు మంచిదే బిడ్డా, కాదంటలేను. కానీ అది బాయి గేటు దాటొద్దు. కొనిస్తే ఇంట్ల పెట్టుకోమను. జేబుల ఏసుకొని దిగిండనుకో, వాని నౌకరి పోవుడు చిన్న ముచ్చట. వానితోని దిగినోళ్లందరి పానాలతోని ఆట అది.

గార్డు: బీడీ, అగ్గిపెట్టె వద్దంటే నాకు సమజైతది. అది నిప్పు. ఇది ఎల్ఈడీ. మంట లేదు, కాలే తీగ లేదు. దీనికి భయమేంది?

సర్దార్: నిప్పంటే మంటనే అనుకుంటున్నవ్. మీథేన్ గాలిల నూటికి అయిదు పాళ్ల నుంచి పదిహేను పాళ్ల దాక కలిస్తే పేలుతది. అది అంటుకోనీకి మిల్లీజౌల్‌ల మూడో వంతు శక్తి కూడ అక్కరలేదు. కంటికి కనపడని చిన్న మెరుపు సాలు. నీ లైటుల ఎల్ఈడీ ఒక్కటే ఉన్నదా? స్విచ్ ఉన్నది, స్ప్రింగ్ ఉన్నది, చార్జింగ్ పెట్టే బొక్క ఉన్నది, లోపల లిథియం సెల్లు ఉన్నది. ఆ సెల్లు షార్టయితే ఒక్కసారే ఎన్ని ఆంపియర్లు వస్తయో నీకెరుకేనా? ఫుల్లుగ పెడితే దాని తల చెయ్యి కాలేటంత ఏడెక్కుతది.

గార్డు: కంపెనీ క్యాప్ ల్యాంపుల కూడ బ్యాటరీ, స్విచ్ ఉంటయి గదా?

సర్దార్: ఉంటయి. వాటిని కట్టిన తీరు వేరే. 1913 అక్టోబర్ 14 నాడు వేల్స్ దేశంల సెంఘెనిడ్ అనే బొగ్గు బాయి పేలి 439 మంది సచ్చిపోయిండ్రు. సిగ్నల్ గంట తీగల లేచిన మెరుపే కారణం కావచ్చని అనుమానం వచ్చింది. గంట కొట్టే తీగ బిడ్డా! దానిల ఎంత కరెంటు ఉంటది? ఆ తర్వాత చిన్న బ్యాటరీ సర్క్యూట్ల మీద గూడ పరీక్షలు జరిగినయి. తీగ తెగినా, షార్టయినా, గ్యాసును అంటించేటంత శక్తి పుట్టకుండ సర్క్యూట్ కట్టుడు నేర్చుకున్నరు. బాయిలకు పోయే ల్యాంపు అట్ల కట్టింది, పేలే గ్యాసుల పెట్టి పరీక్ష చేసింది అయి ఉండాలె. ధన్‌బాద్‌ల ఉండే గనుల రక్షణ ఆఫీసు డీజీఎంఎస్ ఒప్పుకోవాలె. సీలు ఏసి ఇస్తరు, లోపల ఎవ్వడు ఇప్పరాదు. నీ డబ్బా మీద మిలిటరీ అని ఉన్నది. ఆ ఒప్పుకోలు ఉన్నదా?

గార్డు: లేదు. కానీ కాకా, మన దిక్కు బాయిలు ఎక్కువ మొదటి డిగ్రీయే అంటరు. గ్యాసు ఎక్కడిది?

సర్దార్: ఆ మాటనే మనుషులను కాటేస్తది. మొదటి డిగ్రీ అంటే గ్యాసు లేదని కాదు. లోపలి గాలిల అది శాతంల పదో వంతు దాటలేదు, తవ్విన బొగ్గు టన్నుకు ఒక ఘనపు మీటరు మించి ఎలువడలేదు, గంతే. మీథేన్ గాలి కంటె తేలిక, బరువుల సగానికి కొద్దిగ ఎక్కువ. పైకప్పు సందులల్ల, బండ ఊడిన గుంతలల్ల పోయి దాసుకుంటది. బొగ్గు తీసి ఇడిసిన గోఫుల నిండుకుంటది. ఫ్యాన్ ఆగిందంటే లెక్కలన్ని తారుమారైతయి. ఇగ బొగ్గు దుమ్ము. జార్ఖండ్‌ల ధోరి బాయి, 1965 మే 28. ఆ పేలుడుల 268 మంది పోయిండ్రు. అక్కడ బొగ్గు దుమ్మే మంటను మోసుకపోయింది.

మాటలో మాటగా సర్దారు సేఫ్టీ ల్యాంపు దగ్గరికి వచ్చాడు. ఆ దీపం గురించి ఆయన అడగకుండానే చాలాసేపు చెప్పాడు. చెప్పదగిన కథే అది. ఇంగ్లండులో 1812లో ఫెల్లింగ్ గని పేలి 92 మంది పోయాక, 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని తీగ జాలి చుట్టిన దీపాన్ని తయారుచేశాడు. జాలి వేడిని పీల్చి చెదరగొడుతుంది కాబట్టి లోపలి మంట బయటి గ్యాసుకు అంటుకోదు.

సర్దార్: అది పట్టుకొని మేము పైకప్పు దాక మెల్లగ ఎత్తెటోళ్లం. వత్తి సన్నగ తగ్గిస్తం. గ్యాసు ఉంటే మంట నెత్తిన నీలిరంగు టోపీ లేస్తది. టోపీ ఎత్తును చూసి శాతం చెప్పుడు సర్దారు పరీక్షల నేర్చుకునే మొదటి విద్య. ఒకటింబావు శాతం వచ్చిందంటే కరెంటు బందు, మనుషులు బయటికి. కింద పాడైన గాలి ఉంటే మంట మసకబారుతది, ఆక్సిజన్ పదహారు పదిహేడు శాతానికి పడిపోతే ఆరిపోతది. ఎలుగు చూసుకుంటే అగర్‌బత్తి కంటె కొద్దిగ నయం. కానీ వెయ్యి మంది పానాలు దాని మీద ఆధారపడి ఉండె. ఇప్పుడు చేతిల పట్టే మీథేన్ మీటర్లు వచ్చినయి, అంకెలు చూపిస్తయి. నువ్వు ల్యూమెన్లు లెక్కవెడుతున్నవు. నేను బాయిల దీపం నా కొరకు ఏం కనిపెట్టి చెప్తదని చూసిన.

గార్డు: ఒప్పుకుంటున్న. కానీ నా మాట గూడ ఇను. గ్యాసు సంగతి మీటరు చూసుకుంటది అంటివి. మరి పైకప్పు? సన్న పగుళ్లు కనపడాలంటే గట్టి లైటు కావాలె గదా?

సర్దార్: పైకప్పును చూసుడు సగమే బిడ్డా. రాడుతోని కొట్టి వినాలె. గట్టి బండ గంట లెక్క మోగుతది. పొర ఇడిసిన బండ డొల్లగ పలుకుతది. లైటు ఎంత పెద్దగున్నా ఆ డొల్ల కనపడది.

గార్డు: అందరు రాడు పట్టరు గదా. పక్కకెళ్లి ఏటవాలుగ లైటు కొడితే బండ మీది చిన్న గీత గూడ నీడ ఏస్తది. తల మీది లైటు కండ్ల పక్కనే ఉంటది గాబట్టి నీడలు కనపడయి, అంతా చాపలెక్క చదునుగ కనపడుతది. ఇది నేను డంపు మీద పాములు చూసుకుంట నేర్చిన. రక్తపింజర ఎండుటాకుల రంగుల ఉంటది. లైటు నడుము కింద పట్టుకొని నేలకు వారగ కొడితే దాని నీడతోని దొరుకుతది.

సర్దార్: ఆ మాట నిజం. ఓవర్‌మన్‌కు, సర్దారుకు క్యాప్ ల్యాంపు కాక చేతిల ఇంకో గట్టి లైటు ఉండాలె. బాయికి పనికొచ్చేది, పరీక్ష చేసి ఒప్పుకున్నదే ఉండాలె. దానికి నేను అడ్డం జెప్ప.

గార్డు: మరి 2003ల ఏడో ఎల్ఈపీ బాయిల నీళ్లు వచ్చినప్పుడు…

సర్దార్: జూన్ 16. 17 మంది పోయిండ్రు. ఆ ముచ్చట్ల లైటు పేరు తియ్యకు. నీళ్లను ఆపేది లైటు కాదు, నడుమ ఇడిసిన బొగ్గు గోడ, సరైన నక్షా. పాత పనులకు 60 మీటర్ల దగ్గరికి పోతే ముందుగాల బోరు ఏసి చూసుకుంట పోవాలె అని రూలు ఉన్నది. కొన్ని ఆపదలకు లైటు మందు కాదు.

ఇక్కడ నేను ఒక మాట చేర్చాలి, ఎందుకంటే గార్డు చెప్పిన పదివేల ల్యూమెన్ల సంగతిని సర్దారు వదిలేశాడు, నేను వదలలేను. ల్యూమెన్ అంటే దీపం నలుదిక్కులా చిమ్మే మొత్తం వెలుగు. దూరం పారే శక్తిని కొలిచేది క్యాండెలా. టార్చిలైట్లకు అమెరికాలో 2009లో ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అనే ప్రమాణం రాశారు. అందులో దూరం అంటే వెలుగు పావు లక్సుకు, అంటే పున్నమి వెన్నెలంత పలుచనకు దిగే చోటు. క్యాండెలా అంకెకు వర్గమూలం కట్టి రెండుతో గుణిస్తే ఆ దూరం మీటర్లలో వస్తుంది. పదివేల క్యాండెలాలకు 200 మీటర్లు. వెలుగు ఎంతసేపు ఉంటుందన్నది, మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేదాకా లెక్కవేస్తారు. కాబట్టి డబ్బా మీద ‘అయిదు గంటలు’ అని ఉంటే ఆ అయిదు గంటలూ నిండు వెలుగు ఉంటుందని కాదు.

ఇక బ్యాటరీ. 18650 అనే సెల్లు 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. మంచి కంపెనీది మూడున్నర వేల మిల్లీ ఆంపియర్ అవర్ల దగ్గర ఆగుతుంది. దానిలో పట్టే శక్తి సుమారు పన్నెండు వాట్ అవర్లు. వాటుకు వంద ల్యూమెన్ల చొప్పున వేసుకున్నా పదివేల ల్యూమెన్లకు వంద వాట్లు కావాలి. ఆ లెక్కన ఒక సెల్లు ఏడు నిమిషాలు. పైగా అంత వేడిని అరచేతిలో పట్టే లోహపు గొట్టం భరించలేదు, కొద్ది నిమిషాల్లోనే వెలుగు తనంతట తాను తగ్గిపోతుంది. ఒక్క సెల్లుతో నడిచే లైటు మీద పదివేల ల్యూమెన్లని, ఆ సెల్లు మీద 9900 మిల్లీ ఆంపియర్ అవర్లని రాసి ఉంటే అది అబద్ధం. నెల జీతం చేతికి రాకముందే అప్పులకు పంచిపెట్టుకునే మనిషికి అబద్ధపు అంకె అమ్మడం మామూలు మోసం కాదు. ఆ అంకెను నమ్మి అతను చీకట్లోకి నడుస్తాడు.

సర్దార్: ఇగ అసలు సంగతి జెప్త. ల్యాంప్ రూమ్ గురించి నీకు తెల్వది. షిఫ్టుకు పోయినోడు ముందుగాల మస్టర్ పడుతడు, ల్యాంప్ రూమ్ కిటికీల టోకెన్ ఇస్తడు, తన నంబరు ల్యాంపు తీసుకుంటడు. మా కాలంల నడుముకు బెల్టు కట్టి రెండు కిలోల మీది బ్యాటరీ, ఈపు మీదికెళ్లి తీగ, టోపీకి బుగ్గ. యాసిడ్ కారి అంగీలు బొక్కలు పడేటియి, తోలు గూడ కాలేది. ఇప్పటోళ్లకు తీగలేని చిన్నయి వచ్చినయి, అదృష్టవంతులు. ఎలుగు తక్కువే, కానీ షిఫ్టు ఎనిమిది గంటలైతే ల్యాంపు పన్నెండు గంటలు వెలిగేటట్టు కట్టిండ్రు. బండ పడి తొవ్వ బందయితే ఆ మిగిలిన నాలుగు గంటలు మనిషి మీద ఆశ. నీ పదివేల ల్యూమెన్లు ఆ నాలుగు గంటలు ఇస్తయా?

గార్డు: ఇయ్యయి.

సర్దార్: షిఫ్టు దిగినంక ల్యాంపులన్ని రాక్‌కు తిరిగి రావాలె. ఒక్క నంబరు ఖాళీగున్నదనుకో, ఒక మనిషి ఇంక లోపలనే ఉన్నడు. ల్యాంప్ రూమ్‌ల కూసున్నోడు అడుగుతడు: ఫలానా నంబరు రాలేదు, ఎవ్వడు, బాయిల ఏ భాగంల పనిచేసిండు, ఎవరితోని దిగిండు అని. అప్పుడు సర్దారు ఎనుకకు తిరిగి పోవాలె. నేను పోయిన. కాలు మడతపడి కూసున్నోన్ని మోసుకొచ్చిన. వాడు అరిస్తే ఎవ్వరికి ఇనపడలేదు. ఖాళీ నంబరు పట్టిచ్చింది. నీ బామ్మర్ది జేబుల సొంత లైటు పెట్టుకొని, కంపెనీ ల్యాంపు పాడైందని ఇంకొకని చేతికిచ్చి పంపిండనుకో, ఆ లెక్క తెగిపోతది. పైనున్నోళ్లకు ఆయన బయటికి వచ్చినట్టే.

గార్డు: కాకా, ఇప్పుడు నేను అడుగుత. మాకు ల్యాంప్ రూమ్ ఏది?

సర్దార్: మీది భూమి మీద పని గదా.

గార్డు: భూమి మీద రాత్రి కాదా? ఇయ్యాల సింగరేణి కంపెనీ తీసే బొగ్గుల నూటికి ఎనభై పాళ్ల మీద ఓపెన్ కాస్టులనే వస్తది. డ్రిల్లుల కాడ, డంపుల కాడ, పంపుల కాడ, చెక్‌పోస్టుల కాడ రాత్రంతా మనుషులుంటరు. పెద్ద స్తంభాల లైట్లు గుంతల కొడుతయి. డంపు ఎనుక, అంచు కాడ నీడనే. వంద టన్నుల డంపర్ ఎనుకకు వస్తే నడిచే మనిషి డ్రైవర్‌కు కనపడడు. వాన పడితే డంపు అంచు ఎక్కడ జారుతదో తెల్వది. కట్లపాము ఉంటది. బొగ్గు ఎత్తుకపోయేటోళ్లు పది మంది ఒక్కసారే వస్తరు. నాకు మా ఏజెన్సీ ఇచ్చింది ఒక కట్టె, ఒక సీటీ. లైటు నా పైసలతోని కొనుక్కున్న. నేను పొద్దున తిరిగి రాకపోతే ఏ రాక్‌ల ఏ నంబరు ఖాళీగుంటది కాకా?

సర్దార్: …డంపర్ కాడ ఆ లైటు పైకి ఎత్తుతవా?

గార్డు: ఎత్త. మొదట్ల తెల్వక ఒకసారి ఎత్తితే ఆపరేటర్ బండి ఆపి దిగి తిట్టిండు. చీకటికి అలవాటైన కండ్లల్ల అంత లైటు పడితే మల్ల మంచిగ కనపడనీకి చానాసేపు పడుతదట. అప్పటి సంది బండి వస్తుంటే కాళ్ల కాడికి దించుత, చిన్న మోడ్‌ల పెడుత. నడిచేటప్పుడు గూడ చిన్న మోడే. దుమ్ము లేసినప్పుడు గట్టిగ పెడితే దుమ్మే తెల్లగోడ లెక్క అడ్డం నిలవడుతది. పెద్ద లైటు దూరం చూసుటానికి, ఎవడన్న ఉరికొస్తే ఆపుటానికి. ఇవన్ని నాకెవ్వరు నేర్పలే.

సర్దార్: నేర్పాలె. బాయిల దిగేటోనికి మేము ముందు ట్రైనింగ్ ఇచ్చేటోళ్లం. ల్యాంపు ఎట్ల పట్టాలె, ఎదుటోని మొఖం మీద కొట్టద్దు, మాట్లాడేటప్పుడు తల పక్కకు తిప్పాలె అని. నీకెందుకు నేర్పలేదంటే నిన్ను లెక్కల పట్టలేదు గాబట్టి.

గార్డు: రెండేండ్ల కింద మాతోని డ్యూటీ చేసేటోడు చవుక సెల్లు కొని రాత్రంతా చార్జింగ్ పెట్టి పండుకున్నడు. సెల్లు ఉబ్బి పగిలి పరుపు అంటుకున్నది. బతికిండు, చేతులు కాలినయి. మంచి సెల్లు కొనేటంత జీతం ఉంటే కొనకపోవునా?

సర్దార్: అట్లయితే నా మాట మారుస్త బిడ్డా. నీ బామ్మర్దికి లైటు కొనియ్యకు, ఆయనకు ల్యాంపు ఉన్నది. నువ్వు కొనుక్కున్నది తప్పు కాదు, నీతోని కొనిపిచ్చుడు తప్పు. 1952 గనుల చట్టంల కాంట్రాక్టోడు గూడ గనిల పనిచేసే మనిషిగనే ఉండె. అక్కడ పర్మినెంటోని రాత్రి ఒక రకం, కాంట్రాక్టోని రాత్రి ఒక రకం అని రాసి లేకుండె. నేను యూనియన్ల తిరిగినప్పుడు జీతాలు, క్వార్టర్లు, బోనస్ అడిగినం. లైటు అడగాలన్న సోయి మాకు రాలె, ఎందుకంటే మాకు ల్యాంప్ రూమ్ ఉండె.

గార్డు: ఇప్పుడు అడుగుతరా కాకా?

సర్దార్: రాసియ్యి. నేను తీసుకపోత.

వాళ్ల మాట అక్కడ ఆగింది. సర్దారు రాయమన్న కాగితంలో ఉండాల్సినవి నాకు తోచినవి ఇవి. రాత్రి డ్యూటీకి మనుషులను పంపే ప్రతి కాంట్రాక్టు టెండరులో చేతి లైటును కూడా హెల్మెట్టు, బూట్ల పక్కన రాయాలి. దాని ఖర్చు జీతంలోంచి కోయరాదు. లైటును ల్యూమెన్లతో కాక, ఎన్ని మీటర్ల దూరం పారుతుంది, షిఫ్టు అయ్యేదాకా నిలకడగా ఎంత వెలుగిస్తుంది, వానకూ దెబ్బకూ ఓర్చుకుంటుందా అన్న మూడు ప్రశ్నలతో ఎంచాలి. చార్జింగ్ ఇళ్లలో కాక డ్యూటీ గేటు దగ్గరే, ఒక మనిషి బాధ్యతలో జరగాలి. ప్రతి లైటుకూ నంబరు ఉండాలి, ప్రతి నంబరూ పొద్దున లెక్కకు రావాలి, రాకపోతే అప్పటికప్పుడు వెతకడానికి మనుషులు కదలాలి. బావిలో ఇది నిత్యం జరిగే పనే కాబట్టి ఎలా చేయాలో మనకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

మీ ఇంట్లో కొత్తగా బావిలో చేరిన పిల్లవాడు ఉంటే, షిఫ్టుకు బయల్దేరే ముందు అతని జేబులో బజారు లైటు గానీ, ఫోను గానీ ఉందేమో చూసి తీసి ఇంట్లో పెట్టించండి. మీ ఇంటి మనిషి ఓపెన్ కాస్టులో రాత్రి కాపలా కాస్తుంటే, అతని చేతి లైటు ఎవరు ఇచ్చారో అడగండి. సొంతంగా కొన్నాడని తెలిస్తే ఆ సంగతి యూనియన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి రండి.